కట్టెరాళ్ళ గుట్ట

తెల్లారకముందే సిరోంచ దాటాం.
అయిదు లీటర్ల క్యాను, సీసాలో అంబలి,
రెండు ఉల్లిగడ్డలు, జంతువుల లెక్కరాసే కాగితాలు.
రోహిణి కార్తెకింకా పదిరోజులుంది.
రోళ్ళకా సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు,
ముందే పగిలాయి.

ముందు నడిచేది తలాండి చిన్నుబాయి,
అటవీ శాఖలో దినకూలీ, కాళ్ళకు టైరు చెప్పులు,
నెత్తిమీద గుడ్డమూట.
బియ్యమనుకున్నాను.
వెనక నేను,
మరాఠీ బడిలో చదివి తెలుగులో కలలు కనేవాణ్ణి,
మలుపు మలుపుకీ ఊపిరి వెతుక్కుంటూ.

గుట్టమీద ఆకు లేదు.
తపసి చెట్లు మాత్రం తెల్లటి ఒళ్ళతో
స్నానం మధ్యలో నీళ్ళయిపోయినవాళ్ళలా నిలబడ్డాయి.
తునికాకు కోసేవాళ్ళు మాకెదురుగా దిగిపోతూ
"ఇప్పుడెక్కుతారా?" అని నవ్వారు.

దారిలో ఎలుగు పెంట.
చిన్నుబాయి పుల్లతో విరిచి చూసింది.
తునికి గింజలు, చీమల తలలు.
"రాత్రిదే."
కాగితంలో మరాఠీలో రాశాను.
నోటితో తెలుగులో అన్నాను.
ఆమె గోండిలో ఇంకో పేరు చెప్పింది,
ఎలుగుకి వినపడకుండా, మెల్లగా.

నడినెత్తిన ఒక రాబందు.
ఒకటే. అదే గంటసేపు తిరిగింది.
ఒకటని రాయాలా, ఎన్నిసార్లు కనిపిస్తే అన్నా?
పైవాళ్ళకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు.

రెండు బండల మధ్య సందు చూపించింది.
"వెట్టికి పట్టుకపోవచ్చినోళ్ళకు దొరకకుండ
మా తాత మూడొద్దులు ఈడనే కూసున్నడు.
దగ్గొస్తే మన్ను నోట్లె పెట్టుకున్నడట."
నేనూ దూరాను. భుజాలు పట్టలేదు.
ఆకలితో ఉన్న మనిషి కొలతకు చేసిన సందు అది.
దానిపక్కనే దొరలనాటి సర్వే రాయి,
అంకెలు ఇంకా చెరగలేదు.

అక్కణ్ణుంచి చెట్లు మొదలయ్యాయి.
అంటే రాళ్ళు.
పడుకున్న మానులు, కణుపులతో, పగుళ్ళతో,
లోపల ఏడాదికో వలయంతో.
బెరడు గోటితో గీరాను,
గోరు విరిగింది.
కొత్తగా పాతిన బోర్డుమీద కోట్ల ఏళ్ళ లెక్క,
కింద ఎర్ర అక్షరాల్లో:
తీసుకుపోయిన రాళ్ళు వాపసు తేవాలి.

చిన్నుబాయి మూట దించింది.
బియ్యం కాదు.
మూరెడు కట్టెరాయి, నడుమ నున్నటి గాడి.
"మా అవ్వ కత్తులు నూరింది దీనిమీదనే.
అవ్వకంటె ముందు ఇంకో అవ్వ."
గాడిలో వేలు పెట్టాను.
చల్లగా ఉంది, ఎండలో ఉండికూడా.
బోర్డులో ఆ అవ్వల లెక్క లేదు.

విరిగిన మాను దగ్గర కూర్చుని
అతికించి చూసింది.
కుదరలేదు.
తిప్పి చూసింది, పక్క మానుకు పెట్టి చూసింది,
తల్లిని పోగొట్టుకున్న మేకపిల్లను
మంద మేకలన్నిటి దగ్గరా వదిలి చూసినట్టు.
ఒక్కటీ ఒప్పుకోలేదు.
నేను ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి
మళ్ళీ పెట్టాను.

పున్నమి వెన్నెల నీటిగుంట మీద పడ్డాక
మంచెమీద ఇద్దరం.
ఆమె రాయిమీద చుక్క నీళ్ళు చల్లి
ఉల్లిగడ్డ కోయడానికి కత్తి నూరింది.
సర్రు, సర్రు.
గుంట దగ్గరికొస్తున్న ఎలుగు ఆగింది.
చెవులు నిక్కించింది.
ఆ చప్పుడు తెలిసినదానిలా కాసేపు నిలబడి
వంగి నీళ్ళు తాగింది.

ఎలుగు: ఒకటి. వేళ: తొమ్మిదిన్నర.
వాపసు వచ్చిన రాళ్ళు అన్నచోట
ఏమీ రాయలేదు.
ఉల్లిగడ్డ ఘాటుకు
కళ్ళు తుడుచుకున్నాను.

పొద్దున దిగేటప్పుడు మూట నేనడిగాను.
ఇవ్వలేదు.
"నీకు మోసే అలవాటు లేదు సారూ" అంది.